ఇక్రిశాట్ వారికి, గోడ ఇవతలి నుంచి ఒక బహిరంగ లేఖ

ఇక్రిశాట్ పాలకమండలికి, డైరెక్టర్ జనరల్ గారికి, ముఖ్యంగా పొలాల్లో తిరిగే శాస్త్రవేత్తలకు,

నమస్కారం. మాది పాలమూరు వైపు. ఎర్ర చెలక, జొన్న, కంది, ఈ మధ్య పత్తి. వ్యవసాయం చేసేది మా అన్న, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకు ఊరికి పోయి వచ్చే రకం. కాబట్టి నన్ను రైతు అనుకోవద్దు, రైతు ఇంటి మనిషి అనుకుంటే చాలు. మెట్ట పంటల మీద మీ సంస్థ చేసే పరిశోధనల గురించి చాలా కాలంగా చదువుతున్నా, మీ దగ్గర పుట్టిన రకాలు మా దగ్గర పండటమూ చూశా, ఈ రెండింటికీ మధ్య ఎక్కడో దారి తెగిపోతోందని అనిపిస్తుంది. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం. పొగడ్తలు మీకు 2022లో యాభై ఏళ్ళ వేడుకలప్పుడు కావలసినన్ని వచ్చాయి, ప్రధానమంత్రే పటాన్‌చెరు వచ్చారు, కాబట్టి ఆ పని మళ్ళీ నేను చేయక్కర్లేదు.

హైదరాబాద్ జనాన్ని అడిగితే ఇక్రిశాట్ అంటే ముంబై హైవే పక్కన తెగకుండా సాగే ప్రహరీ గోడ, లోపల పక్షులు చూసే చెరువు, అప్పుడప్పుడూ పేపర్లో చిరుత వార్త. 1972లో సుమారు మూడున్నర వేల ఎకరాలు ఇచ్చి, అక్కడున్న రెండు ఊళ్ళను లేపి వేరే చోటికి పంపి ఈ సంస్థని పెట్టారని, నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఒకే ఆవరణలో దొరకడం వల్లే పటాన్‌చెరుని ఎంచుకున్నారని చాలామందికి తెలియదు. నీళ్ళున్న వరికి మనీలా దగ్గర ఒక సంస్థ, గోధుమకి మెక్సికోలో ఒక సంస్థ అప్పటికే ఉన్నాయి. వాన మీద బతికే జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ ఎవరికీ పట్టలేదు. వాటికోసం పుట్టిన సంస్థ మీది. హరిత విప్లవం కాలువ దాకా వచ్చి ఆగిపోయింది, కాలువ లేని మా బోటి వాళ్ళకి మిగిలిన దిక్కు మీరే.

మీ దగ్గర జరిగే పనిలో కొన్ని ఏ కంపెనీ చెయ్యదు, ఏ ఒక్క ప్రభుత్వమూ చెయ్యదు, అది ముందు ఒప్పుకోవాలి. మీ జీన్ బ్యాంకులో 144 దేశాల నుంచి తెచ్చిన లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు ఉన్నాయి. వాటి ప్రతులు నార్వే ఉత్తరాన మంచు కొండలో కూడా దాచారు. దీనివల్ల ఏమొస్తుంది అని అడిగేవాళ్ళకి నేను సజ్జ కథ చెప్తుంటా. పశ్చిమ ఆఫ్రికాలో టోగో అనే చిన్న దేశం, దాని ఉత్తరాన రైతులు తరతరాలుగా వేసుకునే ఒక నాటు సజ్జ, త్వరగా కోతకొస్తుంది, గింజ లావు. దాన్నుంచి పటాన్‌చెరులో ఎంపిక చేసిన రకం 1988లో మహారాష్ట్రలో విడుదలైంది, ఆ జాతి సజ్జే నమీబియా పొలాల్లోకీ వెళ్ళింది, మళ్ళీ అందులోంచే ఇనుము ఎక్కువుండే గింజలున్న మొక్కలు ఏరి ధనశక్తి అనే రకం తెచ్చారు. టోగోలో ఎవరో ఒక పెద్దావిడ దాచిపెట్టుకున్న గింజ షోలాపూర్‌లో రక్తహీనత ఉన్న పిల్ల తినే రొట్టెలోకి వచ్చిందన్నమాట. దీనికి పట్టిన కాలం దశాబ్దాలు. ఏ కంపెనీ అన్నేళ్ళు లాభం లేకుండా కూర్చుంటుంది చెప్పండి.

వరిలోనూ అంతే. మన మారుటేరులో పుట్టిన స్వర్ణ, ఒడిశా రైతుల నాటు వరిలో ఉన్న ముంపును తట్టుకునే గుణం, ఈ రెండిటినీ మనీలా వాళ్ళు కలిపితే 2009లో స్వర్ణ సబ్-1 వచ్చింది, దాదాపు రెండు వారాలు నీళ్ళలో మునిగినా మళ్ళీ లేస్తుంది. ఒడిశాలో ఆ నాటు వరిని కాపాడిన ఊరివాళ్ళ పేరు ఆ బస్తా మీద ఎక్కడా ఉండదు, అది వేరే బాధ.

విత్తనం పుట్టడం ఒక ఎత్తు, ఊరికి చేరి నిలబడటం ఇంకో ఎత్తు. ఈ రెండో దాని దగ్గర మీ కథలు ఒక్కో పంటకి ఒక్కోలా ముగిశాయి, ఎందుకలా అని మీరే కూర్చుని గట్టిగా ఆలోచించాలని నా కోరిక.

శనగ తీసుకుందాం. చలికాలం ఎక్కువ రోజులుండే ఉత్తరాది పంట అది, మన దగ్గర ఫిబ్రవరికే ఎండ ముదిరి గింజ పాలు పోసుకునే లోపే ఎండిపోయేది. ఎనభైల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శనగ సాగు లక్ష హెక్టార్లకు లోపే. జబల్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి మీరు తెచ్చిన జేజీ-11 అనే రకం 1999లో వచ్చింది, వంద రోజుల్లోపు కోతకొస్తుంది, ఎండు తెగులు తట్టుకుంటుంది, నల్లరేగడిలో నిలిచిన తేమ అయిపోయే లోపే గింజ గట్టిపడుతుంది. దాంతోపాటు లావు గింజ తెల్ల శనగలో, అంటే కాబూలీలో, కాక్-2 అనే రకం. తర్వాతి దశాబ్దంలో కర్నూలు, ప్రకాశం, కడప, అనంతపురం నల్లరేగళ్ళలో శనగ ఆరు లక్షల హెక్టార్లు దాటింది. పొగాకు వేసే ప్రకాశం రైతు కూడా శనగకి మళ్ళాడు. ఒక పంట ఒక ప్రాంతాన్ని ఇంతలా మార్చడం మన దగ్గర అరుదు.

ఎందుకు సాధ్యమైంది? రకం బాగుందన్నది సగమే. నంద్యాల పరిశోధనా కేంద్రం వాళ్ళు ఆ నేలలో పరీక్ష చేసి చూపించారు, విత్తన సంస్థలు టన్నుల కొద్దీ పెంచి ఇచ్చాయి, శనగ తన గింజే తనకి విత్తనం కాబట్టి రైతు పక్కింటాయనకి ఇచ్చుకోగలిగాడు, పెద్ద కమతాలు కావడంతో ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు వచ్చాయి. తర్వాత కూలీలు దొరకని కాలం వస్తే నంద్యాల వాళ్ళే యంత్రంతో కోసుకునేలా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 అనే రకం తెచ్చారు. అంటే మీ పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఇంకొకరు అందుకున్నారు. మధ్యలో ఖాళీ లేదు.

అయితే 2013, 2014 ప్రాంతంలో ప్రకాశం జిల్లా కోల్డ్ స్టోరేజీల్లో శనగ బస్తాలు గుట్టలు పడ్డాయి, వాటి మీద బ్యాంకుల్లో అప్పులు, బయట ధర లేదు. దిగుబడి పెరిగింది అని మీ నివేదికలో రాసిన ఆ శనగే ఆ రైతుకి నిద్ర లేకుండా చేసింది. ధర మీ చేతిలో లేదు, ఒప్పుకుంటా. కానీ ఒక రకం వల్ల ఒక ప్రాంతమంతా ఒకే పంటకి మళ్ళితే ఏమవుతుందో చెప్పే ఆర్థికవేత్తలు మీ దగ్గరే ఉన్నారు కదా, వాళ్ళ మాట విత్తనంతో పాటే ఎందుకు రాలేదు?

ఇప్పుడు కంది. ఇది నాకు దగ్గరి విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా, విసుక్కోకండి.

1993లో వచ్చిన ఆశ కంది మా వైపు ఇప్పటికీ చాలామంది నోట్లో ఉన్న పేరు. ఎండు తెగులు, గొడ్డుమోతు తెగులు రెండూ తట్టుకునే రకం అంతకు ముందు మాకు లేదు. చెలకలో సగం మొక్కలు పూతకి ముందే వాడిపోతే చూస్తూ కూర్చున్న తరం మా నాన్నది. ఆశ వచ్చాక ఆ భయం తగ్గింది. ఇంతవరకు బాగుంది. తర్వాత మీరు ప్రపంచంలో ఎవరూ చెయ్యని పని చేశారు, అడవి కందిని వాడి మగ పుప్పొడి పని చెయ్యని తల్లి మొక్కలు తయారు చేసి, పప్పుధాన్యాల్లో హైబ్రిడ్ తెచ్చారు. 2010లో మధ్యప్రదేశ్‌లో మొదటిది, 2015లో తెలంగాణలో మన్నెంకొండ కంది. రైతుల పొలాల్లో వేసి చూసినప్పుడు మామూలు రకాల కంటే దిగుబడి బాగా ఎక్కువ వచ్చిందని మీ పత్రాల్లో ఉంది, శాస్త్రంగా చూస్తే గర్వపడే పని.

మరి మన్నెంకొండ కంది ఏదీ? మా చుట్టుపక్కల నేను అడిగినవాళ్ళెవరూ ఆ పేరు వినలేదు. మన్నెంకొండ పాలమూరు దగ్గరే ఉంది, ఆ కొండ పేరు పెట్టిన కంది మాత్రం ఆ చుట్టుపక్కల వాళ్ళకే తెలియదు. కారణాలు ఊహించలేనివి కావు. హైబ్రిడ్ కంది విత్తనం తయారు చెయ్యాలంటే తల్లి, తండ్రి వరుసలు వేరుగా నాటాలి, చుట్టుపక్కల దూరం దాకా వేరే కంది ఉండకూడదు, పుప్పొడి మోసేది తేనెటీగలే కాబట్టి వాటి మీదే ఆధారం, ఆరు నెలల పంట. ఇన్ని తిప్పలు పడి విత్తనం చేసిన కంపెనీ ఎకరానికి నాలుగైదు కిలోలు కూడా పట్టని కందిలో ఎంత వసూలు చేస్తుంది? పత్తి, మొక్కజొన్న విత్తనంలో డబ్బులుంటే దీని జోలికి ఎవరొస్తారు? ఇవన్నీ రకం పుట్టకముందే తెలిసే విషయాలు. ప్రయోగశాలలో చిక్కుముడి విప్పడం మీద ఉన్న తపన, విత్తనం ఎవరు పండిస్తారు, ఎవరు అమ్ముతారు, ఎంతకి అమ్ముతారు అన్న ప్రశ్నల మీద కూడా ఉండి ఉంటే కథ వేరేలా ఉండేది.

ఇంకో సంగతి ఉంది, మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. మొజాంబిక్, టాంజానియా, మలావీల్లో కంది సాగు పెరగడంలో మీ నైరోబీ కేంద్రం పాత్ర పెద్దది. ఆ పంటలో ఎక్కువ భాగం ఓడెక్కి మన దేశానికే వస్తుంది. 2016లో మొజాంబిక్‌తో కొనుగోలు ఒప్పందం చేసుకున్న కేంద్రం, 2021 నుంచి కంది దిగుమతికి తలుపులు బార్లా తెరిచింది. అక్కడి రైతూ మాలాంటి మెట్ట రైతే, అతను బాగుపడితే నాకు ఏడుపు లేదు. అయితే అంతర్జాతీయ సంస్థగా మీరు రెండు ఒడ్లా ఉన్నారు, రెండు లెక్కలూ మీకే తెలుసు. మాకు తెలిసేది మాత్రం తాండూరు మార్కెట్లో ఆ రోజు ధర ఒక్కటే. విత్తే ముందు, అంటే మే నెలలో, ఆఫ్రికాలో ఈసారి కంది ఎంత వేశారు, ఎప్పుడు కోతకొస్తుంది అన్న నాలుగు ముక్కలు తెలుగులో చెప్పగలిగే సంస్థ మీరు కాక ఇంకెవరు?

వేరుశనగ గురించి ఎక్కువ రాయను, అనంతపురం వాళ్ళు నాకంటే బాగా రాస్తారు. 1940 నాటి టీఎంవీ-2 రకాన్ని దశాబ్దాలుగా పట్టుకుని ఉన్న ఆ జిల్లాలో బెట్టకి నిలబడే ఐసీజీవీ 91114 అనే రకం మీరు తెచ్చారు, రైతులకు నచ్చింది కూడా. చిక్కు ఏమిటంటే బుడ్డల విత్తనం ఎకరానికి అరవై డెబ్బై కిలోలు కావాలి, ఒక బస్తా వేస్తే మళ్ళీ విత్తనానికి పనికొచ్చేది ఎనిమిది పది బస్తాలు, అదీ వాన పడితేనే. కొత్త రకం జిల్లా అంతా పాకాలంటే ఏళ్ళు పడుతుంది, మధ్యలో ఒక కరువొస్తే విత్తనానికి దాచిందంతా పప్పులోకి పోతుంది. దీనికి మందు కొత్త రకం కాదు, ఊరూరా విత్తనం పెంచే మనుషులు. ఆ పని మీకు రాదని నేను అనడం లేదు. 2007 నుంచి 2019 దాకా ఆఫ్రికాలో పప్పుధాన్యాల మీద జరిగిన ప్రాజెక్టులో దాదాపు ఐదు లక్షల టన్నుల విత్తనం తయారు చేయించారు, దానికి 2021లో ఆఫ్రికా ఫుడ్ ప్రైజ్ వచ్చింది. అక్కడ ఎన్ని టన్నుల విత్తనం ఊళ్ళకి చేరిందో లెక్కపెట్టినట్టు ఇక్కడా లెక్కపెట్టి, ఏటా బయటపెట్టండి.

ఇక అన్నిటికంటే నన్ను ఎక్కువ పట్టి పీడించే విషయానికి వస్తా. 1975లో మీరు ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు. పాలమూరులో ఔరేపల్లి, దోకూరు, షోలాపూర్ జిల్లాలో రెండు, అకోలా జిల్లాలో రెండు. ఊరికి నలభై ఇళ్ళు. ఒక మనిషి ఆ ఊళ్ళోనే కాపురం పెట్టి, కొన్ని వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి, ఎవరు ఎన్ని గంటలు పని చేశారు, కూలి ఎంత, ఎవరి దగ్గర అప్పు, వడ్డీ ఎంత, ఏం తిన్నారు, ఎడ్లు ఎన్ని, ఎవరికి కట్నం ఎంత, అన్నీ రాసుకునేవాడు. పదేళ్ళు అలా రాశారు, మధ్యలో ఆపి 2001లో మళ్ళీ మొదలుపెట్టారు, తర్వాత ఇంకా చాలా ఊళ్ళకి పెంచారు. ప్రపంచంలో పేద రైతుల బతుకుల మీద ఇంత లోతైన, ఇంత పొడవైన లెక్క ఇంకొకటి చూపించడం కష్టం.

ఆ లెక్కల మీద పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు పేరు తెచ్చుకున్నారు. 1989లో రోజెన్‌వైగ్, స్టార్క్ అనే ఇద్దరు ఆ అంకెలు తిరగేసి, ఈ ఊళ్ళవాళ్ళు ఆడపిల్లల్ని దూరపు ఊళ్ళకి ఇవ్వడం వెనక కరువు లెక్క ఉందని తేల్చారు. ఇక్కడ వాన పడని ఏడు అక్కడ పడొచ్చు, వియ్యంకుడి ఇంటి నుంచి గింజలొస్తాయి. మా నాయనమ్మని అడిగితే ఈ ముక్క పైసా ఖర్చు లేకుండా చెప్పేది, మా మేనత్తల్లో ఒకరిని నది దాటించి ఇచ్చింది అందుకే. నవ్వొచ్చినా, అంకెల్లో నిరూపించడం వేరు కాబట్టి వాళ్ళ పనికి విలువ ఉంది. 1993లో ఇంకొక అధ్యయనం, కరువొచ్చినప్పుడు రైతు ఎడ్లు అమ్ముకుని ఆ ఏడాది తిండి వెళ్ళదీసుకుంటాడు, వాన పడిన ఏడు దున్నడానికి ఎడ్లు లేక మళ్ళీ వెనకబడతాడు అని చూపింది. 1994లో టౌన్‌సెండ్ అనే ఆయన, ఒకరికి పంట పోయినా ఆ ఇంటి తిండి మరీ అంతలా పడిపోదని, ఊళ్ళో చేబదుళ్ళు, అప్పులు, ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ దెబ్బని చాలావరకు పంచుకుంటాయని, ఆ పంపకం అందరికీ ఒకేలా అందదని కూడా రాశాడు. ప్రపంచంలో ఎకనామిక్స్ పైచదువులు చదివే పిల్లలకి ఔరేపల్లి పేరు తెలుసు.

ఔరేపల్లి పిల్లలకి తెలుసా తమ ఊరి గురించి ఏం తేలిందో? మీరు అప్పుడప్పుడూ ఊళ్ళో చెప్పే ఉంటారు, కాదనను. లెక్కలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టారు, అదీ మంచిదే. అయితే అవి ఇంగ్లిష్‌లో, కోడ్ నంబర్లతో, స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి మాత్రమే అర్థమయ్యేలా ఉన్నాయి. ఏ తాత కూర్చుని ఏళ్ళ తరబడి మీ ప్రశ్నలకి జవాబు చెప్పాడో ఆ తాత మనవరాలు ఇప్పుడు డిగ్రీ చదువుతుంటుంది. మా ఊళ్ళో ఎడ్లు ఎప్పుడు మాయమయ్యాయి, బోర్లు ఎప్పుడు వచ్చాయి, ఎన్ని ఎండాయి, ఆడవాళ్ళ కూలి మగవాళ్ళ కూలిలో ఎన్నో వంతు ఉండేది, ఇప్పుడెంత, వడ్డీ వ్యాపారి పోయి ఎవరొచ్చారు, గీత పని వదిలినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఇవన్నీ ఆ అమ్మాయికి తెలుగులో ఒక చిన్న పుస్తకంగా దొరకాలి. ఎవరి ఇంటి గుట్టూ బయటపెట్టమనడం లేదు, పేర్లు వద్దు. పంచాయతీలో బోరుకి అనుమతివ్వాలా, చెరువు పూడిక తియ్యాలా అని వాదించుకునేటప్పుడు చేతిలో తమ ఊరి లెక్కే ఉంటే ఆ మాట బరువే వేరు. వాళ్ళు ఇచ్చిన సమాచారమే కదా.

మీరు దీర్ఘకాలం ఒక పని పట్టుకుని ఉండగలరని నాకు తెలుసు. మీ ఆవరణలోనే 1976 నుంచి నల్లరేగడిలో ఒక ప్రయోగం నడుస్తోంది. ఒక పక్క పాత పద్ధతి, వానాకాలం బీడు, యాసంగిలో పంట. ఇంకో పక్క ఎత్తు మడులు, మధ్యలో నీరు పోయే కాలువలు, జొన్నలో కంది. పాత పద్ధతిలో సగటున హెక్టారుకు టన్ను పైచిలుకు, కొత్త పద్ధతిలో ఐదు టన్నులు. నేలలో కర్బనం కూడా పెరిగింది. అద్భుతమైన ఫలితం. అయితే ఆ ఎత్తు మడులు వెయ్యడానికి ఎనభైల్లో మీరు ప్రచారం చేసిన చక్రాల ఎడ్ల పరికరం రైతుల్లో నిలవలేదు, ధర ఎక్కువ, మామూలు జత ఎడ్లకి బరువు. మధ్యప్రదేశ్ నల్లరేగడి రైతులు చివరికి వానాకాలం బీడు పెట్టడం మానేశారు, మీ పరికరంతో కాదు, సోయాచిక్కుడుతో. ఈ కథ వ్యవసాయ ఇంజనీర్ల మధ్య బాగా తెలిసిందే. మన వ్యవసాయ కళాశాలల్లో పిల్లలకి దిగుబడి అంకెతో పాటు ఇది కూడా చెప్పాలి, అందుకు మీరే తెలుగులో రాసి ఇవ్వాలి. ఎందుకు పనిచెయ్యలేదో చెప్పే సంస్థని రైతు ఎక్కువ నమ్ముతాడు.

ఈ మధ్య మీ పని తీరు మారుతోందని నాకు అనుమానం. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మైక్రోసాఫ్ట్‌తో కలిసి 175 మంది వేరుశనగ రైతులకి ఎప్పుడు విత్తాలో ఫోన్లకి మెసేజ్ పంపారు. జూన్ చివరి దాకా ఆగినవాళ్ళకి దిగుబడి 30 శాతం పెరిగిందని వార్త ప్రపంచమంతా తిరిగింది. బాగుంది. కానీ మెట్టలో ఒక్క సీజన్ అంకె ఏం చెప్తుంది? అనంతపురం, కర్నూలు వానని ఒక ఏడాది చూసి నమ్మినవాడు ఎవడూ లేడు. పదేళ్ళలో ఆ సలహా ఎన్నిసార్లు సరిపోయింది, ఎన్నిసార్లు ముంచింది అన్నది చెప్తేనే అది పరిశోధన, లేకపోతే ప్రకటన.

తప్పంతా మీది కాదని నాకూ అర్థమవుతుంది. డబ్బు ఇచ్చేవాళ్ళు రెండేళ్ళకి, మూడేళ్ళకి ఇస్తారు, ఆ లోపే ఫోటో, అంకె, విజయగాథ కావాలంటారు. కంది రకం ఒకటి తయారవ్వడానికే పదేళ్ళు పడుతుంటే మూడేళ్ళ ప్రాజెక్టులో ఏం చూపిస్తారు? పైగా 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది, జులైకల్లా ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ అన్న సంస్థే లేకుండా పోయింది. అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనకి పెద్ద దాతల్లో అమెరికా ఒకటి, ఆ దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుందో మీకే తెలుసు. ఇక్కడ మన ప్రభుత్వాలకి ఒక మాట అనాలి: రైతు పేరు మీద ఏటా వేల కోట్లు ఖాతాల్లో వేసే రాష్ట్రాలు, అందులో చిటికెడు తీసి జీన్ బ్యాంకుకీ, ఈ ఊళ్ళ అధ్యయనానికీ ఇరవై ఏళ్ళ పాటు కదలకుండా ఇస్తే వాషింగ్టన్‌లో ఎవరు గెలిచారని మనం టెన్షన్ పడక్కర్లేదు. ప్రధానమంత్రి వచ్చినప్పుడు, ముఖ్యమంత్రులు వచ్చినప్పుడు మీరు ఈ మాట గట్టిగా అడుగుతున్నారా?

మీ గేటు ముందు నుంచి పోయే అదే హైవే మీద ఇంకా పైకి వెళ్తే జహీరాబాద్, దాని పక్కన పస్తాపూర్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత మహిళలు, మట్టి కుండల్లో, వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి పాత జొన్నలు, కొర్రలు, సామలు, పప్పులు కాపాడుతున్నారు. 2019లో వాళ్ళ సంస్థకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒకే జిల్లాలో రెండు విత్తన బ్యాంకులు: ఒకటి మైనస్ ఇరవై డిగ్రీల్లో, ఇంకొకటి అటక మీద. మీ దాంట్లో గింజ వంద ఏళ్ళు బతుకుతుందేమో, మారే వానతో పాటు మారదు. వాళ్ళ దాంట్లో గింజ ఏటా నేలలో పడుతుంది కాబట్టి మారుతూ ఉంటుంది, ఒక్క కరువులో పూర్తిగా పోయే భయమూ ఉంది. ఒకదానికొకటి అవసరం. 2001లో ఇక్కడే, అప్పటి మెదక్ జిల్లాలో చిన్న రైతులు జ్యూరీగా కూర్చుని అప్పటి ప్రభుత్వ వ్యవసాయ ప్రణాళిక మీద తీర్పు చెప్పారు, అది చాలామంది నిపుణులకి నచ్చలేదు. నచ్చకపోయినా పర్లేదు, మీ పరిశోధన ప్రణాళిక ఖరారు చేసే సమావేశంలో ఆ ఆడవాళ్ళకి సలహాదారుల కుర్చీ కాదు, ఓటు ఇవ్వండి. ఏ నాటు రకాలు వాళ్ళ ఊళ్ళలో పోయాయో అడిగి, మీ చల్లగదిలో ఉంటే తీసి ఇవ్వండి. యుద్ధాలూ కరువులూ వచ్చిన దేశాలకి వాళ్ళ విత్తనాలు మీరు తిరిగి పంపిన చరిత్ర ఉంది, పక్క మండలానికి పంపడం కష్టమా?

అటు ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం మీద పెద్ద గొడవ నడుస్తూనే ఉంది. 2024లో దానికి పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, పులివెందులలో జర్మనీ సాయంతో పరిశోధన అకాడమీ కూడా పెట్టారు. ఒకరు అదే దారి అంటారు, ఇంకొకరు దిగుబడి పోతుందంటారు, మధ్యలో రైతు ఎవరి మాట వినాలో తెలియక ఫర్టిలైజర్ షాపాయన మాట వింటాడు. మీ దగ్గర 1976 నాటి ప్రయోగం నడిపిన ఓపిక ఉంది. ప్రకృతి సాగు, మామూలు సాగు, రెండిటినీ కలిపిన సాగు రైతుల సొంత పొలాల్లో పక్కపక్కన, ఎర్రనేలలో, నల్లనేలలో, మంచి ఏడూ కరువు ఏడూ కలుపుకుని ఇరవై ఏళ్ళు పెట్టండి. ఖర్చు, కూలి, అప్పు, నేలలో కర్బనం, ఆ ఇంటి ఆడమనిషి ఎన్ని గంటలు ఎక్కువ పని చేసింది, అన్నీ రాయండి. ఫలితం ఎవరికి చేదైనా సరే, ఏటా ఉగాదికి తెలుగులో బయటపెట్టండి.

చివరగా చిన్న విషయం. మా అన్న ఇంకా ఆశ కందే వేస్తున్నాడు, ఏళ్ళ తరబడి ఇంటి గింజే మళ్ళీ మళ్ళీ వేసి కలగాపులగమైపోయింది, చెలకలో ఎండు తెగులు మళ్ళీ కనబడుతోంది. దానికి బదులు మీ దగ్గర ఇప్పుడు ఏ రకం ఉంది, పాలమూరు ఎర్రనేలకి పనికొస్తుందా, మృగశిర లోపల ఒక ఐదు కిలోలు కావాలంటే డబ్బులు కట్టి ఎక్కడ తీసుకోవాలి? మీ గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగితే చెప్పగలిగేలా ఉంటే మంచిది. జవాబు తెలుగులో రాయండి, మా అన్నకి నేరుగా చూపిస్తా.

ఇట్లు,
పాలమూరు మెట్ట రైతు ఇంటి మనిషి